అశ్వప్రదర్శనములందు గుఱ్ఱపు విడిది

2023వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీని చైనాదేశమందలి హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో డ్రెస్సాజ్ అను అశ్వారోహణపు పోటీయందు భారతదేశపు జట్టునకు స్వర్ణపతకము లభించెను. గుఱ్ఱపుస్వారిలో మనకు స్వర్ణము వచ్చుట 1982 తరువాత నదియే మొదలు. ఆ నలుగురు రౌతులలో నిరువురు స్త్రీలు: జయపూరునకు చెందిన దివ్యకృతి సింగు, ఇండోరునకు చెందిన సుదీప్తి హజేలా. తక్కిన వారు హృదయ ఛేడా, అనుష్ అగర్వాలా. డ్రెస్సాజ్ అనగా పఱుగుపందెము కాదు. 20 మీటర్ల వెడల్పును, 60 మీటర్ల నిడివియు గల యావరణములో, రౌతు చేసిన సైగ చూచువారికి కనబడకుండగనే, గుఱ్ఱము తాళము తప్పని యడుగులు వేయుచు నడక మార్చుచుండును. అది యొక విధమైన నృత్యమనుటకు సందేహింపనక్కఱలేదు.

పతకము వచ్చిన మఱునాడు పత్రికలలో నచ్చుపడునది జీనుపై కూర్చున్న రౌతు బొమ్మ. అది న్యాయమే. కాని యా రౌతు గుఱ్ఱముతో గూడ నావరణమున నుండునది యొక్కొక్క మాఱు కొద్ది నిమిషములు మాత్రమే. దినములో మిగిలిన కాలమంతయు గుఱ్ఱము తనది కాని యూరిలో, తనది కాని కొట్టములో, మొగమెఱుగని గుఱ్ఱముల నడుమ గడపవలసినదే. ఆ కొట్టము నెట్లు సిద్ధపఱతురు, దాని నెట్లు నడపుదురు అను విషయము గృహిణులమైన మనకు రౌతుతనముకంటె దగ్గఱి సంగతియని మాకు తోచినది. ఇది పెండ్లివారికి విడిది యేర్పఱచుట వంటి పని. భేదమొక్కటియే. మగపెండ్లివారు లోపమున్నచో పదిమందిలో చెప్పియే తీఱుదురు. గుఱ్ఱము చెప్పదు. మేత మానును, లేదా నీరు మానును. దానిని కనిపెట్టుటకు మనిషి కావలయును.

అశ్వప్రదర్శనములు పాశ్చాత్యదేశములలో చాల కాలమునుండి జరుగుచున్నవి. ఐర్లండు రాజధానియైన డబ్లినులో 1864లో మొదలైన ప్రదర్శనము 1881 నుండి బాల్స్‌బ్రిడ్జి యను చోట సాగుచున్నది. 1926లో ఆగాఖాను బహూకరించిన పాత్రకై నేటికిని దేశదేశముల జట్లు అక్కడ పోటీపడును. ఇట్టి పెద్ద చోట్ల కట్టుడు శాలలు కలవు. పెక్కు తావులలో మాత్రము, మనము పందిరి వేసినట్లే, ఇనుపచట్రములకు పలకలు బిగించి, పైని గుడారపుగుడ్డ కప్పి, వరుసలు వరుసలుగ కొట్టములు నిలుపుదురు. ఒక్కొక్క కొట్టము సామాన్యముగ 3 మీటర్ల చదరము. పెద్ద గుఱ్ఱములకు 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల నిడివి. నాలుగు దినముల ముచ్చటకే గదా యని తలచి, ఆ కొట్టములోనికి గుఱ్ఱమును తిన్నగా తోలి తలుపు వేయువారును లేకపోలేదు. అనుభవముగలవారు మాత్రము గుఱ్ఱము బండి దిగకమున్నే మనిషిని ముందుగ పంపి కొట్టమును పరీక్షింపజేతురు.

ఆ మనిషి చేయు మొదటి పని, అఱచేతితో గోడలను పలకలను నాలుగు మూలల తడవి చూచుట. పైకి పొడుచుకొనివచ్చిన మేకు, తెగిన తీగ, వదులైన పలక, సరిగ పడని గడియ, వీనిలో నే యొక్కటి యున్నను గుఱ్ఱమునకు కన్నో కాలో పోవును. గుఱ్ఱము పొట్టేలువలె నిలిచి పోరాడు జంతువు కాదు. బెదరిన వెంటనే పరుగెత్తుట దాని స్వభావము. పరుగెత్తుటకు చోటులేని కొట్టములో నా బెదురంతయు కాళ్లమీదికి వచ్చును. తరువాతి పని, అంతకుముందున్న గుఱ్ఱము వదలిన గడ్డిని లద్దెను ఊడ్చి, కడిగి, ఆ పిమ్మట క్రిమిసంహారకమును చల్లుట. ఈ క్రమమును తలక్రిందులు చేసి మురికిమీదనే మందు చల్లిన నది పనిచేయదు. గిన్నె తోమక పసుపునీరు చల్లినట్లే యగును.

నేలమీద పఱచుటకు గోధుమగడ్డియో, చిత్రిక పట్టగా రాలిన కొయ్యపొరలో వాడుదురు. జానెడు లోతు పఱచి, గోడల ప్రక్కను గట్టువలె నెత్తుగ పేర్చుదురు. దీనికి కారణము కలదు. గుఱ్ఱము దొర్లునపుడు కాళ్లు గోడకు తగిలి మఱల లేవలేక చిక్కుకొనిపోవుట యుండును. గట్టున్నచో గోడకు మిక్కిలి దగ్గఱగ దొర్లదు. కొయ్యపొరలు కొనునపుడు అవి యే చెట్టువో విచారింపవలయును. అమెరికాలో పెరుగు నల్ల అక్రోటుచెట్టు కొయ్యపొరలపై నిలిచినంత మాత్రమున కొన్ని గంటలలోనే గుఱ్ఱపు గిట్టలలో వాపు పుట్టి, నడవలేని స్థితి వచ్చును.

ఇంక ప్రయాణపు సంగతి. బండిలో గుఱ్ఱము తలను ఎత్తుగ కట్టి దూరము తీసికొనిపోయిన, ఊపిరితిత్తులలో చేరిన ధూళియు శ్లేష్మమును వెలికి రాలేక జ్వరము వచ్చును. గుఱ్ఱము సహజముగ తల వంచి మేయు జంతువు. తల వంచినపుడే దాని ముక్కు, గొంతు శుభ్రపడును. కావున విడిదికి చేరగనే చేయవలసిన యుపచారము గుగ్గిళ్లు పెట్టుట కాదు, నాలుగడుగులు నడిపించి నేలమీద ఎండుగడ్డి వేసి తల దించి తిననిచ్చుట.

నీటి విషయము కొంత విపులముగ చెప్పవలయును. ఐదువందల కిలోల బరువుగల గుఱ్ఱము దినమునకు 25 మొదలు 50 లీటర్ల వఱకు నీరు త్రాగును. ఎండలో పనిచేసిన నింకను ఎక్కువ. అయినను క్రొత్త యూరి నీటి వాసన గాని రుచి గాని వేఱుగ నున్నచో మూతి ముంచి తీసివేయును. పిల్లలతో ప్రయాణము చేసిన తల్లుల కందఱకును ఈ చిక్కు తెలిసినదే. నీరు మానిన గుఱ్ఱమునకు ప్రేగులలో మేత గట్టిపడి శూల పుట్టును, శూల ముదిరిన ప్రాణమే పోవచ్చును. గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు. కడుపులో చేరిన దేదియు వెనుకకు రాదు. అందుచేతనే గుఱ్ఱపు కడుపునొప్పి మన కడుపునొప్పివలె వాము నమలి యూరకుండ దగినది కాదు. దీనికి వారు చేయు ఉపాయము మాకు మిక్కిలి నచ్చినది. ప్రయాణమునకు కొన్ని దినములు ముందే యింటివద్ద నీటిలో కొంచెము ఆపిలుపండ్ల రసమో, బెల్లపు మడ్డివంటి తీపి పాకమో కలిపి యలవాటు చేయుదురు. పరదేశమున నా రసమునే అక్కడి నీటిలో కలుపగా రుచిలో మార్పు తెలియదు. కలిపిన బాల్చీ ప్రక్కను వట్టి నీటి బాల్చీ యొకటి తప్పక యుంచుదురు. రెండు బాల్చీల కొలతయు ముందే తెలిసియుండును గనుక రాత్రి యెంత త్రాగినదో తెల్లవాఱి చూచి చెప్పగలరు. గోడకు బిగించిన తొట్టిలో నీరు తనంతట నిండుచున్నచో నీ లెక్క తెలియదు. ఈ కారణముచేత పాతకాలపు బాల్చీయే మేలని మా యభిప్రాయము.

మేతకూడ నింటినుండియే తీసికొనిపోవుదురు. గుఱ్ఱము బరువులో నూటికి ఒకటిన్నర మొదలు రెండు పాళ్ల యెండుమేత, అనగా దినమునకు 8, 10 కిలోలు కావలయును. మేత మార్చవలసివచ్చిన వారము పది దినములలో క్రమక్రమముగ మార్చవలెను గాని యొక్కపూటలో మార్చరాదు. ఇంత పెద్ద జంతువు కడుపుసంచి చాల చిన్నది. దానిలో ఆమ్లము ఎల్లప్పుడు ఊరుచునే యుండును. తినినను తినకున్నను ఆగదు. గడ్డిలేక చాలసేపు నిలిచిన కడుపులో పుండ్లు పడును. కావున రెండు పూటల నిండుగ పెట్టుటకంటె, కొంచెము కొంచెముగ నిరంతరము నోట గడ్డి యుండునట్లు చూతురు. మన తాతముత్తాతల గుఱ్ఱములు ఉలవలు తినెడివి. ఆంగ్లభాషలో ఉలవలకు గుఱ్ఱము పేరే పెట్టిరి గదా. గడ్డిని వలసంచిలో నుంచి వ్రేలాడదీయువారు, సంచి ఖాళీయైన కొలది క్రిందికి జాఱును గావున, కాలు చిక్కుకొననంత యెత్తున కట్టుదురు. ముడియు ఒక్క లాగుతో విడునది వేయుదురు.

మేము విన్నవానిలో మిక్కిలి యాలోచింపదగినది ఎంగిలి సంగతి. మన యిండ్లలో ఎంగిలి, మడి యనిన ఈ కాలపు చదువుకొన్న బాలికలు కొందఱు నవ్వుదురు. 2021వ సంవత్సరము ఫిబ్రవరిలో స్పెయినుదేశపు వలెన్సియా నగరమున జరిగిన యశ్వప్రదర్శనమును గూర్చి తెలిసికొన్నవారు నవ్వరు. అక్కడ వందల కొలది గుఱ్ఱములు ఒకచోట చేరియుండగా హెర్పెస్ జాతికి చెందిన యొక సూక్ష్మజీవి వలన జ్వరము వ్యాపించెను. ఈ వ్యాధి కొన్నిటికి దగ్గు జ్వరములతో పోవును. చూడిగుఱ్ఱములకు గర్భస్రావము చేయును. కొన్నిటికి వెన్నునరముల కెక్కి వెనుకకాళ్లు పడిపోవునట్లు చేయును. పడిపోయిన గుఱ్ఱమును లేపి నిలుపుటకు త్రాళ్ల ఊయెలలు కట్టవలసి వచ్చును. వలెన్సియానుండి ఇతర దేశములకు వెడలిన గుఱ్ఱములతో వ్యాధియు వెడలెను. మొత్తముమీద 18 గుఱ్ఱములు చనిపోయినవి. 1921లో స్థాపితమైన అంతర్జాతీయ అశ్వక్రీడాసంఘము యూరపుఖండములోని 10 దేశములలో తన పోటీలను కొన్ని వారములపాటు నిలిపివేసినది.

ఇట్టి వ్యాధులు గాలిలో తుంపరలవలన కొంత, మనుష్యుల చేతులు, బట్టలు, బాల్చీలు, గుడ్డలవలన కొంత వ్యాపించును. గొంతు వాచి చీముపట్టు జబ్బొకటి కలదు. అది యొక బాల్చీ నుండి మఱియొక బాల్చీకి సులభముగ ప్రాకును. అందఱకును కలిపి యొకే కొళాయి, ఒకే రబ్బరుగొట్టము. ఆ గొట్టపు మూతిని నీటిలో ముంచి బాల్చీ నింపిన, ఆ బాల్చీ యెంగిలి గొట్టమున కంటి తక్కిన బాల్చీల కన్నిటికిని చేరును. గొట్టమును పైనుండియే ధారగ పట్టవలయును. కంచమునకు తగులకుండ గరిటెతో వడ్డించుట తెలిసిన మనకు దీనిని వేఱుగ బోధింపనేల? ప్రతి గుఱ్ఱమునకును తన బాల్చీ, తన తువాలు, తన దువ్వెన, తన కళ్ళెము వేఱు వేఱుగ నుండి, వానిపై పేరు వ్రాసి యుండును. దారిని పోవువారు ముద్దుగ నొక గుఱ్ఱపు మూతి నిమిరి, ఆ చేతితోనే రెండవదానిని నిమురుటయు తప్పే. పిల్లలను చూపుటకు తీసికొనిపోవు తల్లులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

వలెన్సియా తరువాత అంతర్జాతీయ పోటీలలో ప్రతి గుఱ్ఱమునకును దినమునకు రెండుమాఱులు జ్వరమానిక పెట్టి, ఆ యంకెను కొట్టపు తలుపునకు తగిలించిన కాగితముమీద వ్రాయవలెనని యేర్పాటైనది. గుఱ్ఱమునకు సహజమైన వేడి 99 మొదలు 101 డిగ్రీల ఫారెన్‌హీటు వఱకు. నాడి నిమిషమునకు 28 మొదలు 44. ఊపిరి 8 మొదలు 16. జ్వరము తఱచుగ దగ్గుకంటెను ముందే కనబడును గనుక ఈ చిన్న కాగితము పెద్ద వైద్యుని పని చేయుచున్నది.

ఈ విధమైన శ్రద్ధ మనవారికి క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని ప్రకరణములో శాల వెడల్పు గుఱ్ఱపు నిడివికి రెండింతలుండవలెనని, నడుమ దొర్లుటకు చోటు వదలవలెనని, ఒక్కొక్క గుఱ్ఱపు తావునకు నున్నని పలకల నేల, మేతకు వేఱు అర, మూత్రపురీషములు పోవుటకు దారి, తూర్పునకో ఉత్తరమునకో ద్వారము ఉండవలెనని చెప్పబడినది. శాలలో కోతులను, నెమళ్లను, ముంగిసలను, చిలుకలను గూడ పెంచవలెనట! ముంగిస పామునకు విరుగుడనుకొందము. కోతి యేమి యుపకారము చేయునో మాకు బోధపడలేదు. గుఱ్ఱము మందలో బ్రతుకు జంతువు గావున ఒంటరితనము తోచకుండుటకే యీ తోడని యూహింపవచ్చును. నేటికిని పందెపు గుఱ్ఱములు కొన్నిటికి మేకను తోడుగ కట్టుచున్నారు.

విరాటుని కొలువులో దామగ్రంథియను పేర గుఱ్ఱములను కాచిన నకులుని ఎఱుగనివారు లేరు. అయితే యుద్ధభూమిలో నిలిపిన తాత్కాలికపు విడిదికి మొదటి యుదాహరణము ద్రోణపర్వమున నున్నది. సైంధవుని వెదకి పోవునాడు పార్థుని గుఱ్ఱములు బాణపుదెబ్బలకు దప్పికకు సోలిపోగా, అర్జునుడు నేలను భేదించి నీటిమడుగు పుట్టించి, బాణములతోనే యొక గృహము నిర్మించెను. శ్రీకృష్ణుడు వానిని రథమునుండి విప్పి, నాటిన బాణములను లాగి, ఒడలు తోమి, నేలపై దొర్లనిచ్చి, నీరు త్రాపి, మేపి, మఱల కట్టెను. నీడ, నీరు, దొర్లుటకు నేల, మేత, గాయముల పరీక్ష: నేటి ప్రదర్శనములలో వరుసయు నించుమించుగ నదియే. జగన్నాథుడు తన చేతులతో చేసిన పనిని సయీసుల కూలిపనియని తక్కువగ చూచువారి నేమనవలెను?

గుఱ్ఱముల కొట్టములతోపాటు మఱియొక కొట్టమును సామానులకై పుచ్చుకొందురు. అది మన వంటింటి సామానులగది వంటిది. జీనులకు కొయ్యదూలములు, కళ్ళెములకు కొక్కెములు, కంబళ్లకు దండెము, మందులకు మూతపెట్టె, మేతకు ఎలుకలు దూరని డబ్బాలు. ఒక్కొక్క పూట మేతను ఇంటివద్దనే తూచి వేఱు వేఱు సంచులలో కట్టి పేరు వ్రాసి తెచ్చువారు కలరు. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు నిద్రమత్తులో లెక్క తప్పకుండుటకు ఇది మంచి యేర్పాటు. గోడకు తగిలించిన నల్లపలకమీద ఏ గుఱ్ఱము ఎన్ని గంటలకు ఆవరణమునకు పోవలయునో, గిట్టలు కట్టువాని పేరు, పశువైద్యుని ఫోను సంఖ్య వ్రాసియుండును. కూర్చుండుటకు రెండు కుర్చీలు, త్రాగుటకు మనుష్యులకును మంచినీరు ఉండవలెనని ప్రత్యేకముగ చెప్పవలసి వచ్చుట విచారమే. గుఱ్ఱములకు వేళకు మేతపెట్టి తాము పస్తుండువారు ఈ పనిలోను మెండు.

అమెరికాలో కొన్ని ప్రదర్శనములందు ఈ గదికి రంగుల తెరలు కట్టి, పూలకుండీలు పెట్టి, బంగారు అక్షరములతో పేరు వ్రాయింతురు. చక్కని యలంకరణమునకు బహుమతులును ఇత్తురు. చూచుట కింపుగనే యుండును. అయితే తెరవెనుక నడవలో బుట్టలు బాల్చీలు దారి కడ్డముగ పడియున్నచో నా యలంకరణ మెందుకు? నిప్పు పుట్టినపుడు కాలికి తగులు బుట్ట యొక గుఱ్ఱపు ప్రాణము తీయగలదు.

ఎండుగడ్డి, కొయ్యపొరలు, గుడారపుగుడ్డ, విద్యుత్పంకాలు, ఇన్ని యొకచోట కూడినపుడు నిప్పుభయము వేఱుగ చెప్పనేల? పొగత్రాగుట నిషేధము. పంకాల తీగలు గుఱ్ఱపు నోటికందని యెత్తున కట్టుదురు. ప్రతి కొట్టపు తలుపుప్రక్కను తలకట్టును తలుగుత్రాడును వ్రేలాడుచుండవలయును. చీకటిలో వెదకుటకు వ్యవధి యుండదు. మండుచున్న శాలనుండి వెలికి తెచ్చిన గుఱ్ఱము విడిచిపెట్టిన మఱల లోనికే పరుగెత్తుట కలదు. భయపడినపుడు దానికి తన కొట్టమే క్షేమమని తోచునట!

నిద్రను గూర్చి యొక మాట. గుఱ్ఱము నిలిచియే కునుకుతీయును. కాళ్ల కీళ్లు తమంత బిగిసికొను ఏర్పాటు దానికి కలదు. అయినను గాఢనిద్రకు దినమునకు అరగంటయైన పండుకొని తీఱవలయును. చోటు చాలకున్నను, పఱుపు పలుచనైనను, ప్రక్కవారు రాత్రియంతయు దీపములు వెలిగించి మాటలాడుచున్నను అది పండుకొనదు. ఇట్లు కొన్ని దినములు జరిగిన నిలిచినచోటనే మోకాళ్లపై కూలును. ఉదయమున గుఱ్ఱపు ప్రక్కలకు, తోకకు అంటిన గడ్డిపఱకలను చూచి రాత్రి పండుకొన్నదని సంతసింతురు. ఉడుపులు మాసినవని విసుగుకొనక మాపును చూచి సంతోషించు పని లోకములో నిదొక్కటియే కాబోలు.

ఈ పనులలో నేడు పాశ్చాత్యదేశములందు స్త్రీలు పెక్కుమంది యున్నారు. ఒలింపిక్ క్రీడలలో డ్రెస్సాజునకు స్త్రీలను చేర్చుకొన్నది 1952లో హెల్సింకి నగరమున. ఆ సంవత్సరమే డెన్మార్కుకు చెందిన లిస్ హార్టెల్ వెండిపతకము పొందెను. పోలియో వ్యాధిచే మోకాళ్ల క్రింద బలము పోయిన యామెను గుఱ్ఱమెక్కించుటకును దింపుటకును ఒకరి సాయము కావలసెను. మన హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందు యువతులును గుఱ్ఱపుస్వారి నేర్చుకొనుచున్నారు.

పోటీలు ముగిసిన దినమున అలసటవలన విడిదిపని పాడగుట కలదు. దినమునకు ఇరువది కిలోలకు పైగా లద్దెయు మూత్రమును వచ్చు కొట్టమును వట్టిగ చేసి, ఊడ్చి, కట్టిన త్రాళ్లను మేకులను తీసి, తెచ్చిన బాల్చీలను కడిగి యెండబెట్టి గాని బయలుదేఱరాదు. ఇంటికి చేరినపిదప గుఱ్ఱమును వెంటనే తక్కినవానితో కలుపక, రెండు మూడు వారములు వేఱుగ నుంచి, జ్వరమానిక పెట్టుచు, దానికి మేతనీరు అన్నిటికంటె కడపట పెట్టి చేతులు కడిగికొందురు.